పండుగ నాటి పలకరింపు - ఫోను బిల్లు లెక్క

సుమారు పదిహేనేళ్ల క్రితం ఒక రమజాన్ పండుగ రోజు. ఈద్‌గాహ్ నుంచి తిరిగి వచ్చి, షీర్ ఖుర్మా ముగించి, అబ్బా తన పాత ఫోను చేతిలోకి తీసుకున్నారు. మూడేళ్లుగా ఆయనకూ, కర్నూలులో ఉన్న మా ఫుప్పీకీ మాటలు లేవు. పొలం పంపకం దగ్గర మొదలైన చిన్న మనస్పర్థ పెరిగి పెద్దదైంది. ఒకరి ఇంటి శుభకార్యానికి మరొకరు వెళ్లనంత దూరం ఏర్పడింది. ఆ ఏడు రోజాలు పూర్తయ్యేసరికి అబ్బా మనసు మెత్తబడింది. "తను చిన్నది, నేనే ముందు చేస్తాను" అంటూ నంబరు నొక్కారు.

అవతల ఫుప్పీ ఫోను ఎత్తారు. సలాములయ్యాయి. కాసేపు ఇద్దరూ ఏడ్చారు. ఆ తర్వాత ఆమె, మూడేళ్లుగా మనసులో దాచుకున్న మాట చెప్పటం మొదలుపెట్టారు. సరిగ్గా ఆ మాట మధ్యలో ఫోను తెగిపోయింది. మళ్లీ నొక్కితే, ఖాతాలో డబ్బు లేదని యంత్రం చెప్పింది. పండుగ కావటం చేత రీఛార్జి దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. ఇంట్లో మరో ఫోను లేదు. అవతల ఫుప్పీ మాత్రం, తన ఫిర్యాదు వినలేక అన్నయ్యే ఫోను పెట్టేశారని అనుకున్నారు. మర్నాడు అబ్బా ఎన్నిసార్లు చేసినా ఆమె ఎత్తలేదు.

ఆ రోజు ఉదయం అబ్బా ఖాతాలో సరిగ్గా 100 రూపాయలు ఉన్నాయి. అంతకు వారం ముందే సందేశాల ప్యాకూ, నిమిషానికి 20 పైసల కాల్ ప్యాకూ వేయించారు. ఆ ధైర్యంతోనే మేము పిల్లలమంతా కలిసి పొద్దున్నే బంధుమిత్రులకు 86 ఈద్ ముబారక్ సందేశాలు పంపాము. ప్యాకు ఉంది గనుక వాటికి ఖర్చేమీ ఉండదని మా లెక్క. కాని ఆ రోజు ప్యాకు పనిచేయలేదు. ఒక్కో సందేశానికి రూపాయి చొప్పున 86 రూపాయలు పోయాయి. మిగిలిన 14 రూపాయలతో, 20 పైసల లెక్కన 70 నిమిషాలు మాట్లాడవలసిన చోట, నిమిషానికి రూపాయి చొప్పున 14 నిమిషాలే దక్కాయి. అన్నాచెల్లెళ్ల సంభాషణ ఆ 14వ నిమిషం దగ్గర ఆగిపోయింది.

పండుగ మరుసటి రోజు అబ్బా దుకాణానికి వెళ్లి అడిగితే, ప్యాకుతో ఇచ్చే కాగితం అట్టడుగున, చీమల బారులాంటి అక్షరాలలో ఒక వాక్యం చూపించారు. ఫలానా పండుగ దినాలలో ఈ ప్యాకు ప్రయోజనాలు వర్తించవని అందులో రాసి ఉంది. రమజాన్ పేరు కూడా ఆ వరుసలో ఉంది. అంటే సంస్థ నియమం తప్పలేదు. మేము చదవలేదు, అంతే. అయితే అమ్మేవారు నోటితో ఒక్క మాట చెప్పి ఉంటే మా ఇంట్లో ఆ పండుగ మరోలా ముగిసేది.

ఈ కథ మా ఒక్క ఇంటిది కాదని ఆ తర్వాత తెలిసింది. సెలవు దినాలలో, పండుగ దినాలలో ఫోను మాటకు లెక్క ఎలా కడతారు? అలా ఎందుకు కడతారు? వినియోగదారునికి చట్టం ఇచ్చిన రక్షణ ఏమిటి? ప్రతి కుటుంబమూ తెలుసుకోదగిన సంగతులు ఇవి.

సెలవు నాడు చవకగా ఉన్న కాలం

మన పెద్దలకు ఇందుకు పూర్తిగా వ్యతిరేకమైన కాలం గుర్తుంటుంది. ఎస్‌టీడీ బూత్‌ల రోజులలో ఆదివారాలు, జాతీయ సెలవు దినాలు వచ్చాయంటే దూరప్రాంతాల కాల్ చవక. పని దినాలలో పగలు పూర్తి రేటు, సాయంత్రం దాటితే సగం, రాత్రి బాగా పొద్దుపోతే పావు వంతు. పసుపు రంగు బోర్డున్న బూత్ ముందు రాత్రి భోజనాల తర్వాత వరుస కట్టి నిలబడిన వారికి ఈ లెక్కలన్నీ కంఠస్థం. గోడ మీది ఎర్ర అంకెల మీటరు ఒక్కో పల్సు దూకినప్పుడల్లా మాట వేగం పెరిగేది.

సెలవు నాడు రేటు తగ్గించటం వెనుక ఒక లెక్క ఉంది. ఆనాడు దూరప్రాంతాల ఫోను ప్రధానంగా కార్యాలయాలకూ, వ్యాపారులకూ పనికివచ్చే సాధనం. పగటివేళ తీగలన్నీ వారి మాటలతో నిండిపోయేవి. ఆదివారం కార్యాలయాలు మూతపడితే ఆ తీగలు ఖాళీగా పడి ఉండేవి. వాడినా వాడకపోయినా తీగకు అయ్యే ఖర్చు ఒకటే. కాబట్టి ధర తగ్గించి, సామాన్య కుటుంబాలను ఆ వేళల్లోకి ఆహ్వానించేవారు. రద్దీ వేళ ఎక్కువ, ఖాళీ వేళ తక్కువ అన్నదే సూత్రం.

మొబైల్ ఫోను వచ్చాక సూత్రం మారలేదు. రద్దీ రోజు మారింది.

పండుగ నాడే రద్దీ

మన దేశంలో మొబైల్ సేవ 1995 జులై 31న మొదలైంది. నాటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తా నుంచి, ఢిల్లీలో ఉన్న కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడటమే తొలి కాల్. ఆ రోజులలో రద్దీ వేళ నిమిషానికి 16 రూపాయల దాకా పడేది. పైగా చేసిన కాల్‌కే గాక, వచ్చిన కాల్‌కు కూడా చెల్లించవలసి వచ్చేది. అది సంపన్నుల చేతి వస్తువు. 2003 మే నెల నుంచి చేసినవారే చెల్లించే పద్ధతి అమలులోకి వచ్చి, వచ్చే కాల్ ఉచితమయ్యాక, ఫోను రైతు జేబులోకీ, ఆటో నడిపేవారి చేతిలోకీ, కుట్టుమిషను పక్కకూ చేరింది.

అప్పటి నుంచి ఫోను కుటుంబ సాధనం. కుటుంబాలు అత్యధికంగా మాట్లాడుకునేది ఏనాడు? ఈద్ నాడు, సంక్రాంతి నాడు, దీపావళి నాడు, క్రిస్మస్ నాడు, కొత్త సంవత్సరం ముందటి రాత్రి. ఆ రోజులలో ఒకే గంటలో లక్షలాది మంది ఒకేసారి సందేశం పంపుతారు. ఒక టవరు ఒకేసారి మోయగలిగిన కాల్‌లకు పరిమితి ఉంటుంది. సందేశమైతే, కాల్ కలపటానికి వాడే సంకేతాల దారిలోనే ప్రయాణిస్తుంది. సందేశాలు వెల్లువెత్తితే కాల్‌లు కలవటం కూడా కష్టమవుతుంది. పండుగ ఉదయం నంబరు నొక్కితే నెట్‌వర్క్ బిజీ అని వినిపించటానికి కారణం ఇదే.

ఈ రద్దీని అదుపు చేయటానికే పండుగ నాడు రాయితీలు నిలిపివేస్తున్నామని సంస్థలు చెప్పుకున్నాయి. అందులో కొంత నిజం లేకపోలేదు. కాని మరో నిజం కూడా ఉంది. ఆ రోజు ధర ఎంతైనా జనం పలకరింపు మానరు. అమ్మకు సలాం చెప్పకుండా ఏ కొడుకూ పండుగ జరుపుకోడు. మానలేని వాడకం మీద సాధారణ ధర వసూలు చేస్తే ఆదాయం ఖాయం. రద్దీయే అసలు కారణమైతే రద్దీ తగ్గిన మధ్యాహ్నానికైనా రాయితీ తిరిగి రావాలి. ఆ నిలుపుదల మాత్రం రోజంతా కొనసాగేది.

ఇలా రాయితీలు నిలిపివేసే దినాలనే టెలికాం పరిభాషలో బ్లాక్‌అవుట్ డేస్ అంటారు. పేరు వినగానే సేవే ఆగిపోతుందేమో అనిపిస్తుంది. కాని సేవ ఆగదు. మీరు ముందుగా డబ్బు కట్టి కొనుక్కున్న ప్యాకు ఆ ఒక్క రోజు పక్కకు తప్పుకుంటుంది. దాని స్థానంలో మీ మూల ప్లాను రేటు వచ్చి నిలుస్తుంది. ఆ సొమ్మును మీ ప్రధాన ఖాతా నుంచి మినహాయిస్తారు. ఇక్కడే సామాన్యుడు మోసపోయినట్లు భావిస్తాడు. ప్యాకులో సందేశాలు మిగిలే ఉన్నట్లు చూపిస్తుంది, ఖాతాలో డబ్బు మాత్రం కరిగిపోతుంది.

నియంత్రణ సంస్థ గీసిన గీత

వినియోగదారుల నుంచి ఫిర్యాదులు వెల్లువెత్తిన తర్వాత భారత టెలికాం నియంత్రణ ప్రాధికార సంస్థ, అంటే ట్రాయ్, 2008 సెప్టెంబరు 1న ఒక ఆదేశం జారీ చేసింది. ఈ విషయంలో కుటుంబాలు గుర్తుంచుకోవలసిన ముఖ్యాంశాలు అందులో మూడున్నాయి.

మొదటిది, ఒక క్యాలెండర్ సంవత్సరంలో ఇలాంటి దినాలు 5కు మించకూడదు. రెండవది, ఆ దినాలు ఏవో వినియోగదారుడు ప్యాకు తీసుకునే సమయానికే స్పష్టంగా ప్రకటించి ఉండాలి. మూడవది, ఒకసారి ప్రకటించిన జాబితాలో ఆ తర్వాత మార్పులు చేయకూడదు, కొత్త దినాలు చేర్చకూడదు.

ట్రాయ్ ఈ పద్ధతిని నిషేధించలేదని గమనించాలి. పరిమితి పెట్టింది, ముందుగా చెప్పి తీరాలన్నది. అంటే పండుగ నాడు ప్యాకు పనిచేయకపోవటం దానికదే నేరం కాదు. చెప్పకుండా నిలిపివేయటం, 5 దినాలు దాటటం, మధ్యలో జాబితా మార్చటం తప్పు. మా అబ్బా విషయంలో సంస్థ తప్పించుకోగలిగింది ఈ తేడా వల్లనే. వారు కాగితం మీద చెప్పారు.

నెలవంకతో వచ్చే చిక్కు

జనవరి 1 ఏనాడు వస్తుందో అందరికీ తెలుసు. కాని ఈద్ ఏనాడో ముందు రోజు సాయంత్రం ఆకాశం చూస్తే గాని తేలదు. 29 రోజాల తర్వాత నెలవంక కనిపిస్తే రేపే పండుగ, లేకపోతే ఎల్లుండి. మరి ఏడాది ముందే జాబితా ప్రకటించే సంస్థ ఏ తేదీ రాస్తుంది?

జాబితాలో పండుగ పేరు మాత్రమే ఉంటే, పండుగ ఏ తేదీకి జరిగినా ఆ నిలుపుదల ఆ రోజుకే వస్తుంది. తేదీ రాసి ఉండి, పండుగ మర్నాటికి జరిగితే, రాసిన తేదీని వదిలి కొత్త తేదీన వసూలు చేయటం జాబితా మార్చటమే అవుతుంది. రెండు రోజులూ వసూలు చేస్తే అది మరింత అన్యాయం. కాబట్టి మీ ప్లాను షరతులలో ఈద్ ప్రస్తావన కనిపిస్తే, అక్కడ రాసింది పేరా, తేదీయా అని తప్పక చూడండి. అనుమానముంటే అడిగి, వారిచ్చిన జవాబును భద్రపరచుకోండి.

గల్ఫ్‌లో మనవారున్న ఇళ్లకు మరో లెక్క కూడా అవసరం. అరబ్ దేశాలలో ఈద్ సాధారణంగా మనకంటే ఒక రోజు ముందు వస్తుంది. రియాద్‌లో, దుబాయ్‌లో ఉన్న బిడ్డ నమాజు ముగించుకొని ఇంటికి ఫోను చేసేసరికి ఇక్కడ మనం ఇంకా చివరి రోజాలో ఉంటాము. ఆ కాల్ ఇక్కడికి వస్తుంది గనుక, ఫోను మన దేశంలోనే ఉన్నంతవరకు, మనకు ఖర్చు లేదు. కాని ఆప్యాయత కొద్దీ మనమే తిరిగి చేస్తే సంగతి వేరు. అపరిమిత కాల్‌లు అని రాసి ఉన్న మన ప్లాన్లు సాధారణంగా దేశంలోపలి కాల్‌లకే వర్తిస్తాయి. విదేశీ కాల్‌కు నిమిషాల లెక్కన ప్రత్యేక రేటు పడుతుంది. పండుగైనా, పని దినమైనా ఈ విషయంలో తేడా లేదు. అందుకు విడిగా ఐఎస్‌డీ ప్యాకు వేయించుకోవటం మంచిది.

నేటి పరిస్థితి

2016 సెప్టెంబరులో జియో సేవలు ప్రారంభమై, మాటకు విడిగా ధర లేని ప్లాన్లు వచ్చాక ముఖచిత్రం మారిపోయింది. తక్కిన సంస్థలూ అదే దారి పట్టాయి. ఒక సంస్థ నుంచి మరో సంస్థకు వెళ్లే కాల్‌కు ఇచ్చిపుచ్చుకునే రుసుము 2017 అక్టోబరులో 14 పైసల నుంచి 6 పైసలకు తగ్గి, 2021 జనవరి 1 నుంచి పూర్తిగా తొలగిపోయింది. పండుగ శుభాకాంక్షలు కూడా వాట్సాప్‌కు తరలిపోయాయి. ఇలా నెలవారీ అపరిమిత ప్లాను ఉన్నవారికి పండుగ నాటి కాల్ రేటు చింత చాలావరకు తీరింది.

అయినా చింత పూర్తిగా తీరనివారు మన ఇళ్లలోనే ఉన్నారు. దాదీమా, నానీమా చేతిలోని మీటల ఫోను, పల్లెలో ఒంటరిగా ఉండే పెద్దాయన ఫోను, తక్కువ రీఛార్జితో నెట్టుకొచ్చే కూలి కుటుంబం ఫోను గుర్తు చేసుకోండి. నిమిషాల లెక్కన, సందేశాల లెక్కన ఖర్చు పెట్టేది వారే. అపరిమిత ప్లాన్లలో కూడా మామూలు సందేశాలకు రోజుకు 100 వంటి పరిమితి ఉంటుంది. అది దాటితే ప్రతి సందేశానికీ డబ్బు పడుతుంది. పండుగ నాడు ఆ పరిమితి దాటటం ఎంతసేపు?

ఇలాంటి పెద్దలకు ఉపయోగపడే మార్పు ఒకటి ఇటీవల వచ్చింది. ఇంటర్నెట్ అవసరం లేనివారి కోసం కేవలం మాటకూ, సందేశాలకూ పరిమితమైన ప్రత్యేక ప్యాకు కనీసం ఒకటైనా అందించాలని ట్రాయ్ 2024 డిసెంబరులో నిబంధన తెచ్చింది. అలాంటి ప్రత్యేక ప్యాకుల గరిష్ఠ గడువును 90 దినాల నుంచి 365 దినాలకు పెంచింది. వాడని ఇంటర్నెట్‌కు డబ్బు కట్టనవసరం లేకుండా ఇంట్లోని పెద్దలకు ఇలాంటిది చూసి వేయించవచ్చు.

చాంద్ రాత్ నాడు చేయవలసిన చిన్న పని

పండుగ ముందు రాత్రి ఇంటి పనులు ఎన్నో ఉంటాయి. వాటి మధ్య పది నిమిషాలు తీసుకుని ఇంట్లోని పెద్దల ఫోన్లు ఒకసారి చూడండి. గడువు ఎప్పటి దాకా ఉందో, ప్రధాన ఖాతాలో ఎంత ఉందో తెలుసుకోండి. పండుగ నాడు దుకాణం తెరిచి ఉండకపోవచ్చు కనుక రీఛార్జి ముందే చేయించండి. ప్లాను షరతులలో బ్లాక్‌అవుట్ అన్న మాట ఎక్కడైనా ఉందేమో చదవండి.

పండుగ ఉదయం మొదట ఒకే ఒక సందేశం పంపి, లేదా ఒకే ఒక చిన్న కాల్ చేసి ఆగండి. ప్రతి కాల్ ముగిశాక ఎంత సేపు మాట్లాడారో, ఎంత కోత పడిందో, ఎంత మిగిలిందో ప్రీపెయిడ్ వినియోగదారునికి తెలియజేయాలని 2012 నాటి ట్రాయ్ నిబంధనలు చెబుతున్నాయి. తెర మీద క్షణకాలం కనిపించి మాయమయ్యే ఆ వాక్యాన్ని చదివే అలవాటు మనలో చాలామందికి లేదు. ఆ రోజు ఒక్కసారి చదివితే ప్యాకు పనిచేస్తున్నదో లేదో వెంటనే తెలిసిపోతుంది. మేము ఆనాడు ఒకటి పంపి ఆగి ఉంటే మిగిలిన 85 రూపాయలు నిలిచేవి.

అన్యాయంగా కోత పడిందని తోస్తే ఊరుకోవద్దు. ముందుగా 198 నంబరుకు చేసి మీ సంస్థకే ఫిర్యాదు చేయాలి. వారిచ్చే ఫిర్యాదు సంఖ్యను తేదీతో సహా రాసి పెట్టుకోవాలి. పరిష్కారం తృప్తికరంగా లేకపోతే 30 దినాల లోపల అదే సంస్థలోని అప్పీలు విభాగానికి వెళ్లవచ్చు. అది 39 దినాలలో తేల్చాలి. రుజువు కోసం, ప్రీపెయిడ్ వారైనా గత 6 నెలల లోపు వాడకానికి సంబంధించిన వివరమైన బిల్లు కోరవచ్చు. అందుకు 50 రూపాయలకు మించి తీసుకోకూడదు.

ట్రాయ్ నేరుగా ఒక్కొక్కరి ఫిర్యాదును విచారించదు. కాని జిల్లా వినియోగదారుల కమిషన్ తలుపు తెరిచే ఉంది. టెలికాం సంస్థల మీద వినియోగదారులు ఆ కమిషన్లను ఆశ్రయించవచ్చని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో స్పష్టం చేసింది. సలహా కోసం జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915 ఉంది. పోయింది 80 రూపాయలే కదా అని చాలామంది వదిలేస్తారు. లక్షల మంది అలా వదిలేసిన 80 రూపాయలు కలిస్తే ఎంతవుతుందో ఒక్కసారి ఆలోచించండి.

ఇచ్చేవారూ పుచ్చుకునేవారూ ఒకే మాట మీద ఉన్నప్పుడే ఏ బేరమైనా బేరం అనిపించుకుంటుంది. కాయలు అమ్మే బండి దగ్గర తూకం రాయిని పరీక్షగా చూసే మనం, ఫోను బేరంలో కాగితం అడుగు భాగాన్ని చూడము. అమ్మేవారు ఆ అడుగు వాక్యాన్ని పైకి తెచ్చి పెద్ద అక్షరాలలో వేయాలి. కొనేవారు దానిని అడిగి మరీ చదవాలి. ఈ రెండింటిలో మన చేతిలో ఉన్నది రెండవది.

ఇక మా ఇంటి సంగతి. ఆ తర్వాత నెల రోజులకు అబ్బా బస్సెక్కి కర్నూలు వెళ్లారు. ఫోను తెగిపోవటానికి కారణం చెప్పటానికి, చీమల అక్షరాల ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని మరీ వెళ్లారు. ఫుప్పీ కళ్లజోడు పెట్టుకుని దానిని రెండుసార్లు చదివారట. తర్వాత లోపలికి వెళ్లి అన్నకు అన్నం వడ్డించారట. ఆనాడు మధ్యలో ఆగిపోయిన మాటను అప్పుడు పూర్తి చేశారు. ఆ మాట ఏమిటో అబ్బా మాకు ఇప్పటికీ చెప్పలేదు. ప్రతి చాంద్ రాత్ నాడు మాత్రం, ఫోనులో బ్యాలెన్సు చూశారా అని ఫుప్పీయే ముందుగా అడుగుతున్నారు.